ఇద్దరు పట్టాల్సిన రిమోట్

కాశిబుగ్గలో మహిపాల్ గురించి అడిగితే రెండు రకాల జవాబులు వస్తాయి. పెద్దవాళ్ళయితే "జంపఖానాలు నేసే మహిపాలా?" అంటారు. కుర్రాళ్ళయితే "చాంపియన్ అన్ననా?" అంటారు. ఇద్దరూ ఒకడే. పగలు ఇంట్లో మగ్గం ముందు కూర్చుంటాడు, సాయంత్రం నా దుకాణంలో టీవీ ముందు కూర్చుంటాడు.

నా దుకాణం అంటే గేమింగ్ పార్లర్. కింద జిరాక్స్ సెంటరు, పైన నేను. నాలుగు టీవీలు, ఎనిమిది కుర్చీలు, గోల పెట్టే కూలర్ ఒకటి. నా పేరు నాసిర్. నాకు కోపం ఎక్కువని ఈ వీధంతా చెప్పుకుంటుంది. ఓడిన ప్రతివాడూ రిమోట్‌ను నేలకేసి కొట్టడం పద్నాలుగేళ్ళుగా చూస్తున్న మనిషికి కోపం రాకపోతే వాణ్ణి దవాఖానాలో చూపించాలి. పెట్టె మీద కంట్రోలర్ అని రాసి ఉంటుంది గానీ, మా దగ్గర అది రిమోటే.

మహిపాల్‌కు ముప్పై ఒక్కేళ్ళు. సన్నగా, పొడుగ్గా ఉంటాడు. మాట పడే మనిషి కాదు. పెళ్ళికి ముందు సెల్‌ఫోన్ దుకాణంలో పనిచేసేవాడు. పెళ్ళయ్యాక నేత నేర్చుకున్నాడు, అదీ భార్య సుభాషిణి దగ్గర. ఆమెది తాతల నాటి నుంచి నేతపని చేసే కుటుంబం. తొమ్మిదేళ్ళుగా ఇద్దరూ ఒకే మగ్గం ముందు భుజానికి భుజం ఆనించి కూర్చుని నేస్తున్నారు. ఈ సంగతి నాకు తెలుసు గానీ ఎప్పుడూ పట్టించుకోలేదు. నాకు తెలిసిన మహిపాల్ కుర్చీ అంచున కూర్చుని, పెదవి కొరుక్కుంటూ, ఫుట్‌బాల్ ఆటలో అవతలివాడికి ఊపిరాడనివ్వని మహిపాల్.

ఊళ్ళో పార్లర్ల వాళ్ళం తొమ్మిదిమందిమి కలిసి ఏటా హన్మకొండలో ఒక ఫంక్షన్ హాలు తీసుకుని కప్పు ఆడిస్తాం. మూడేళ్ళు వరసగా మహిపాలే గెలిచాడు. కప్పు అందుకున్నాక మైకు పట్టుకుంటే పది నిమిషాలు వదలడు. ఎలా ఆడాడో, ఎందుకు గెలిచాడో, మిగతావాళ్ళు ఎక్కడ తప్పు చేశారో అన్నీ చెప్తాడు. చెప్పనీ, గెలిచినవాడి నోరు ఎవరు మూస్తారు? వరసగా నాలుగు కప్పులు ఇంతవరకు ఎవరికీ రాలేదు. అతనికి ఆ నాలుగోది కావాలి. అన్నం తింటున్నా అదే మాట, చాయ్ తాగుతున్నా అదే మాట.

అలాంటి సమయంలో ఆ కొత్త కన్సోల్ వార్త వచ్చింది.

వార్త అంటే వీడియో. పొద్దున ఒకడు ఫోన్లో చూపించాడు, సాయంత్రానికి దుకాణంలో ప్రతివాడి ఫోన్లో అదే. ఆ కన్సోల్‌తో వచ్చే రిమోట్‌ను చూసి నేను మొదట ఎవరో వేళాకోళానికి తయారు చేశారనుకున్నాను. రెండు పిడులు, వాటి మధ్య మూరెడు సాగే పట్టీ. చపాతీ కర్రను నడిమికి విరిచి నాడాతో కట్టినట్టుంది. ఒక పిడి ఒకరు, రెండో పిడి ఇంకొకరు పట్టుకోవాలి. ఒక్కడు ఆడడానికి వీల్లేదు. ఎవరు ఎంత లాగారో పట్టీకి తెలుస్తుంది, ఎవరు ఎటు వంచారో పిడికి తెలుస్తుంది. బొటనవేలి కింద ఒకే ఒక్క బటన్.

"బటన్లేవి భయ్?" అని అరిచాడు శ్యాంసుందర్. పాలిటెక్నిక్ చదివే కుర్రాడు, మహిపాల్ తర్వాత నా దుకాణంలో అంత వేగం ఉన్నవాడు. "తొమ్మిదేండ్లు నా బొటనవేళ్ళు ఎందుకు అరగదీసుకున్న మరి?"

"నా రిమోట్ల సగం వీనికెందుకియ్యాలె?" అన్నాడు ఇంకొకడు, పక్కవాణ్ణి చూపిస్తూ.

"పక్కా ఫ్లాప్" అన్నారు కొందరు. "జర ఆగుండ్రి, చేతికొస్తే తెలుస్తది" అన్నారు ఇంకొందరు. రాత్రి వరకు నా దుకాణంలో ఆట ఆగింది, వాదన నడిచింది. మహిపాల్ మాత్రం వీడియోను వెనక్కి తిప్పి తిప్పి చూశాడు. ఆ కళ్ళు చూడగానే నాకు అర్థమైంది, నేను ఆ డబ్బా కొనక తప్పదని.

అది వచ్చిన రోజు మెట్ల మీద కూడా జనమే. పెట్టె విప్పుతుంటే పది ఫోన్లు నా చేతుల మీదికి వంగాయి. దాంతో వచ్చిన ఆట పేరు ఎవరికీ నోరు తిరగలేదు, అందుకని అందరం "అద్దం ఆట" అన్నాం. నిలువెత్తు అద్దాన్ని ఇద్దరు మోసుకుని ఒక సంత దాటాలి. మధ్యలో మెట్లు, తోపుడు బండ్లు, అడ్డం వచ్చే మేక, మూల తిరిగే సందులు. ఒకరు ఎక్కువ లాగితే అద్దం వంగుతుంది, ఇంకా లాగితే పగులుతుంది. పగలకుండా ఎవరు ముందు దాటితే వాళ్ళది గెలుపు.

మొదటి జంట ఆరు సెకన్లలో అద్దం పగలగొట్టింది. స్పీకర్లో భళ్ళుమన్న శబ్దానికి కింద జిరాక్స్ అతను తన కిటికీ పగిలిందనుకుని పరుగెత్తుకొచ్చాడు. రెండో జంట నాలుగు సెకన్లు. మూడో జంట ఆట మొదలయ్యే ముందే పిడుల కోసం కొట్టుకుంది. తిడుతున్నారు, నవ్వుతున్నారు, ఎగురుతున్నారు. "ఛీ, గిదేం రిమోట్" అన్నవాడే మళ్ళీ వరుసలో చివరికి వెళ్ళి నిలబడ్డాడు. పద్నాలుగేళ్ళలో నా దుకాణం అంత సందడిగా ఎప్పుడూ లేదు. నేనూ ఒకసారి ఆడాను. ఎంతలో పగిలిందో చెప్పను.

ఆ వారమే పార్లర్ల వాళ్ళం కూర్చున్నాం. పాత ఆట పెడితే మళ్ళీ మహిపాలే గెలుస్తాడని అందరికీ తెలుసు. "ఈసారి కప్పు అద్దం ఆట మీదనే" అని ఒకాయన అనగానే ఎనిమిది చేతులు లేచాయి. లేవని చేయి నాది. పెదవి కొరుక్కుంటూ నా కోసం మెట్ల మీద కాచుకున్న మహిపాల్‌కు ఈ మాట ఎలా చెప్పాలా అని దారంతా ఆలోచించాను.

అతను విని, "మంచిదే. గెలుస్త" అన్నాడు. అంతే.

జంటగా శ్యాంసుందర్‌ను తీసుకున్నాడు. ఊళ్ళో మొదటి ఆటగాడు, రెండో ఆటగాడు ఒక్కటైతే ఇంకేం ఉంది అనుకున్నాం. పది రోజులు ఆడారు. పది రోజులూ అద్దం పగిలింది. ఒకడు మేకను చూసి పక్కకు లాగితే ఇంకొకడు దాని ముందు నుంచే దూకుదామంటాడు. ఇద్దరూ చురుకే, ఇద్దరూ కరెక్టే, కానీ ఇద్దరూ ముందే.

"నేను తిప్పకముందే నువ్వెందుకు లాగినవ్?"

"నువ్వు తిప్పుతవని నాకేమన్న కల వడ్డదా?"

"చాంపియన్‌ను నేనా, నువ్వా?"

శ్యాంసుందర్ పిడిని నెమ్మదిగా టేబుల్ మీద పెట్టాడు. నేలకేసి కొట్టలేదు, ఆ మర్యాద ఉంది పిల్లవాడికి. "అన్నా, నీకు జోడు వద్దు, నౌకరు కావాలె" అని మెట్లు దిగి వెళ్ళిపోయాడు. మహిపాల్ ముఖం చూడలేకపోయాను. కప్పుకు ఇంకా పదహారు రోజులు. ఆ తర్వాత నలుగురితో ప్రయత్నించాడు. ఒక్కొక్కరూ ఒక్కో రోజు నిలిచారు.

ఐదో రోజు సాయంత్రం సుభాషిణి వచ్చింది. ఆమె నా దుకాణం మెట్లెక్కడం అదే మొదటిసారి. గుమ్మంలో నిలబడి, "నాసిర్ అన్నా, మా ఆయన ఉన్నడా? జంఖాన సగంల ఉంది, ఫోన్ చేస్తే ఎత్తుతలేడు" అంది. లోపల మహిపాల్ ఒక కొత్త కుర్రాడితో ఆడుతున్నాడు. ఆమె మాట ముగిసేలోగా అద్దం పగిలింది.

సుభాషిణి టీవీ వైపు చూసింది. మళ్ళీ ఆడారు, మళ్ళీ పగిలింది. ఆమెకు నవ్వాగలేదు. "అద్దం మోస్తాన్రా, గుంజులాడుకుంటాన్రా? ఇద్దరు చేసే పనికి ఒకరన్న చెప్పాలె గద!"

"చూసినంత అల్క గాదు" అన్నాడు మహిపాల్ విసుగ్గా.

"ఏదీ, ఇటియ్యి."

కుర్రాడు లేచి కుర్చీ ఇచ్చాడు. ఆమె కొంగు నడుముకు చుట్టుకుని కూర్చుంది. పిడి పట్టుకుని, భుజం అతని భుజానికి ఆనేలా జరిగింది. ఆట మొదలైంది.

"కుడి రెండు" అంది.

"ఆఁ, రెండు" అన్నాడు మహిపాల్.

అతను కావాలని అనలేదు. అన్నానని అతనికే తెలియలేదు, ఒట్టు. వాళ్ళ మగ్గం దగ్గర పద్ధతి అది. డిజైన్ కాగితం ఆమె చూస్తుంది. "ఎరుపు పదారు" అని పోగుల లెక్క చెప్తుంది. అతను "ఆఁ, పదారు" అని జవాబిస్తాడు. ఆ జవాబు విన్నాకే ఇద్దరి చేతులూ కలిసి లేస్తాయి, దువ్వెనలాంటి ఇనుప పంజాతో పోగును కలిసి కొడతారు. జవాబు రాకుండా ఆమె కొట్టదు. ఒకరు ముందు, ఒకరు వెనక కొడితే నేత వంకర పోతుంది, రోజు పనంతా విప్పాల్సి వస్తుంది.

"మెట్లు. పైకి ఒకటి."

"ఆఁ, ఒకటి."

"మేక. ఆగు."

"ఆఁ, ఆగిన."

అద్దం మెట్లెక్కింది, సందు తిరిగింది, తోపుడు బండి పక్క నుంచి వెంట్రుకవాసిలో తప్పించుకుంది. అప్పటిదాకా ఎవరూ చూడని కూరగాయల వీధి తెర మీద కనిపించింది. అక్కడ ఒక గొడుగు తగిలి పగిలింది గానీ, అప్పటికే కుర్రాళ్ళు కుర్చీలెక్కి కేకలు పెడుతున్నారు. నేను ఒకణ్ణి ఎత్తుకున్నాను, ఎవణ్ణో గుర్తులేదు.

"వదినా, ఇంకోపారి!"

"పోండ్రి, నాకు పని లేదా?" అంటూనే ఆమె ఇంకో నాలుగుసార్లు ఆడింది. నాలుగోసారి సంత దాటేశారు. మా ఊళ్ళో ఆ అద్దం సంత దాటడం అదే మొదలు.

మర్నాటి నుంచి పొద్దున్నే దుకాణం తెరవకముందు గంటసేపు ఇద్దరూ వచ్చి ఆడేవారు. రోజురోజుకీ సమయం తగ్గుతోంది. నాకు ఆనందం ఆగేది కాదు. కానీ ఒక సాయంత్రం కుర్రాళ్ళందరూ ఉన్నప్పుడు ఆడారు. ఎవడో వెనక నుంచి గొంతు సన్నం చేసి "కుడి రెండూ" అన్నాడు, ఇంకొకడు "ఆఁ రెండూ" అని దీర్ఘం తీశాడు. "చాంపియన్ అన్న ఇంట్ల గూడ గిట్లనేనా, వదినా?" అని మరొకడు. అందరూ నవ్వారు. నేను వాళ్ళ మీద అరిచేలోపే మహిపాల్ చెవులు కందిపోయాయి.

ముగ్గురం బయటికొచ్చాక సుభాషిణితో అన్నాడు: "హాల్ల నువ్వు చెప్పు, నేను చేస్త. నేను మాత్రం నోరు తెరవ."

"అట్లెట్లయితది? జవాబియ్యాలె గద."

"నీ మాట నాకు వినవడ్తది. సాలదా?"

ఆమె నా వైపు చూసింది. నేను మహిపాల్‌కే తలూపాను. మగవాళ్ళం ఇలాంటి చోట చాలా తొందరగా ఏకమవుతాం. ఆ తలూపుడుకు నన్ను నేను తర్వాత బాగా తిట్టుకున్నాను.

కప్పు రోజు ఆదివారం. పొద్దున హాలు సగం ఖాళీ. ఇరవై రెండు జంటలు. అన్నదమ్ములు, స్నేహితులు, ఒక తండ్రీకొడుకులు. అద్దాలు పగిలే మోతకు ఫంక్షన్ హాలు వాచ్‌మన్ చెవుల్లో దూది పెట్టుకున్నాడు. మా జంట ఆడుతుంటే మహిపాల్ పెదవులు దాదాపు కదల్లేదు. కానీ దగ్గరగా చూస్తే "ఆఁ" అని గొణుగుతూనే ఉన్నాడు, అలవాటు ఊరుకుంటుందా. ఇంకా జనం గోల లేదు కాబట్టి ఆమెకు వినిపించింది. మూడు ఆటలు గెలిచి ఫైనల్‌కు వచ్చేశారు.

ఫైనల్ సాయంత్రం ఐదింటికి. అప్పటికి నాలుగు వందల మంది. అవతల సుబేదారి నుంచి వచ్చిన కవల అన్నదమ్ములు, ఇంజినీరింగ్ పిల్లలు. వాళ్ళకు మాటలే అక్కర్లేదు, ఒకే తల రెండు మెడల మీద ఉన్నట్టు ఆడతారు. మూడు ఆటల్లో రెండు గెలిచినవాళ్ళదే కప్పు.

మొదటి ఆట మొదలైంది. "కుడి రెండు" అంది సుభాషిణి. హాలంతా ఈలలు, కేకలు. మహిపాల్ పిడి తిప్పాడు, నోరు మాత్రం బిగించాడు. ఇప్పుడు ఆ గొణుగుడు కూడా లేదు, అందరూ చూస్తున్నారు కదా. సుభాషిణి చేయి ఆగిపోయింది. ఒక్క క్షణం అంతే. అతను లాగాడు, ఆమె లాగలేదు. అద్దం విల్లులా వంగి పగిలింది.

హాల్లో సగం నవ్వింది, సగం "అరెరే" అంది. నేను వేదిక పక్కకు పరుగెత్తాను. ఇద్దరూ మెల్లగా కొట్లాడుకుంటున్నారు.

"ఎందుకాగినవ్?"

"నువ్వు జవాబియ్యలె."

"చేతులతోని చేసిన గద!"

"నీ చేతులు నేనెక్కడ చూడాలె? నా కండ్లు టీవీ మీదున్నయ్. నీ గొంతు వినవడకుంటే నా చెయ్యి లేవది. నేనేమన్న కావాల్నని చేస్తాన్నా? తొమ్మిదేండ్ల అలవాటాయె."

"ఇంతమంది ముందట..." అని నసిగాడు మహిపాల్.

సుభాషిణి అతని ముఖంలోకి సూటిగా చూసింది. "ఇంతమంది ముందట ఓడిపోతే సిగ్గు లేదు గని, నాకు జవాబు చెప్తెనే సిగ్గా?"

మహిపాల్ పిడిని మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. నాకు ఏదో చెప్పాలనిపించింది, కానీ తలూపిన పాపం నాదీ ఉంది. నా చోటికి తిరిగొచ్చాను.

రెండో ఆట.

"కుడి రెండు."

ఒక్క ఊపిరి ఆగింది. తర్వాత, "ఆఁ! రెండు!"

అది గొణుగుడు కాదు. నాలుగు వందల మంది మీదుగా వెళ్ళి వెనక గోడకు తగిలింది ఆ గొంతు. ముందు వరుసలో ఎవడో పకపకా నవ్వాడు. మహిపాల్ అటు చూడను కూడా లేదు.

"పైకి ఒకటి!"

"ఆఁ! ఒకటి!"

"మేకొస్తాంది, ఆగు!"

"ఆఁ! ఆగిన!"

నవ్వినవాడు నవ్వడం మానేశాడు. అద్దం తెర మీద నీళ్ళలో పడవలా జారిపోతోంది. కవలల అద్దం మెట్ల మీద ఉండగానే మా వాళ్ళు సంత దాటేశారు. కాశిబుగ్గ కుర్రాళ్ళు కుర్చీల మీదికెక్కారు. శ్యాంసుందర్ ఎక్కడి నుంచి వచ్చాడో, చొక్కా విప్పి గాల్లో తిప్పుతున్నాడు.

ఒకటి, ఒకటి. ఇక మిగిలింది ఒక్క ఆట.

మూడో ఆటలో కవలలు కసిగా మొదలుపెట్టారు. మెట్ల దగ్గర రెండు అడుగులు ముందున్నారు. సుభాషిణి "ఎడమ మూడు" అనగానే మహిపాల్‌తో పాటు మా కుర్రాళ్ళు యాభై మంది "ఆఁ! మూడు!" అని అరిచారు. ప్రేమతోనే అరిచారు, వెధవలు. సుభాషిణి తడబడింది. ఇంతమందిలో తన మనిషి గొంతు ఏదో ఆమెకు ఎలా తెలుస్తుంది? చేయి ఆగబోయింది. అద్దం మూలన సన్నటి పగులు గీత కనిపించింది.

నేను కుర్చీ ఎక్కాను. పద్నాలుగేళ్ళుగా పోగేసుకున్న కోపమంతా ఒక్క కేకలో పెట్టాను. "నోర్లు మూయుండ్రి! జవాబు ఆయన చెప్తడు!"

నా దుకాణంలో తిట్లు తిన్నవాళ్ళు కాబట్టి టక్కున మూశారు. వాళ్ళను చూసి మిగతా హాలూ మూసింది. ఆ నిశ్శబ్దంలో ఇద్దరి గొంతులే మిగిలాయి.

"కుడి ఒకటి."

"ఆఁ, ఒకటి."

"గొడుగు. కిందికి వంచు."

"ఆఁ, వంచిన."

పగులు గీత పెరగలేదు. గొడుగు కింద నుంచి అద్దం దాటింది. కవలలు చివరి మూల తిరుగుతున్నారు, మా వాళ్ళూ తిరుగుతున్నారు. "ఇగ ఉరుకు!" అంది సుభాషిణి, "ఆఁ, ఉరుకుదాం!" అన్నాడు మహిపాల్, ఇద్దరూ కుర్చీల్లోంచి లేచి నిలబడ్డారు, పట్టీ ఒక్క మడత లేకుండా సాగింది. తెర మీద రెండు అద్దాలూ ఒకేసారి గీత దాటినట్టే కనిపించాయి. అంకెలు వచ్చేదాకా నాలుగు వందల మందికి ఊపిరి లేదు. సెకనులో మూడో వంతు తేడా. కాశిబుగ్గ.

తర్వాత ఏం జరిగిందో నాకు ముక్కలు ముక్కలుగానే గుర్తుంది. ఎవరో నన్ను ఎత్తారు, ఎవరో దించారు. కవలలు వచ్చి సుభాషిణికి దండం పెట్టి, "అక్కా, మాకు గూడ నేర్పుతవా?" అని అడిగారు. మహిపాల్ కప్పు పట్టుకుని నిలబడ్డాడు. యాంకర్ పిల్లవాడు మైకు తెచ్చి, "చాంపియన్, నాలుగో కప్పు! సీక్రెట్ ఏంది?" అన్నాడు. పది నిమిషాల ఉపన్యాసానికి మేమంతా సిద్ధపడి కూర్చున్నాం.

మహిపాల్ మైకు తీసుకుని సుభాషిణి చేతిలో పెట్టాడు.

ఆమె కంగారు పడింది. కొంగు సర్దుకుంది. "సీక్రెట్ ఏం లేదు. నేను చెప్పిన, ఈయన జవాబిచ్చిండు. ఇంట్ల రోజు ఇస్తడు. ఇయ్యాల మీ అందరి ముందట ఇచ్చిండు" అని, ఇంకేం చెప్పాలో తెలియక మైకు మళ్ళీ భర్త ముందుకు జరిపింది.

హాలంతా అతని వైపు చూసింది. మాట పడని మహిపాల్, మూడేళ్ళు ఇదే వేదిక మీద ఎవరెవరు ఎక్కడ తప్పు చేశారో చెప్పిన మహిపాల్, మైకు మీదికి వంగాడు.

"ఆఁ, నిజమే" అన్నాడు.

హాలు దద్దరిల్లింది. నేను అరచేతులు మండేదాకా చప్పట్లు కొడుతూనే ఉన్నాను.